బన్ల కోసం 30 లీటర్ల ఓటీజీ: విశాఖ ఉక్కపోతలో ఎంతవరకు పనికొస్తుంది?

వారానికి ఒక్కసారైనా ఇంట్లో బర్గర్ బన్లు, పావ్, కేకు చేసుకునేవాళ్లకి 28–30 లీటర్ల ఓటీజీ (ఓవెన్, టోస్టర్, గ్రిల్ మూడూ కలిసిన కరెంటు పెట్టె) సరైన సైజు. ఐదు మార్కులకి నాలుగు ఇవ్వొచ్చు. పోయిన ఆ ఒక్క మార్కూ టెంపరేచర్ నాబ్ వల్ల పోయింది. నాబ్ 180 మీద పెట్టినంత మాత్రాన లోపల 180 డిగ్రీలు ఉంటాయనుకోవద్దు. ఈ సంగతి తెలుసుకుని, కొన్ని వందల రూపాయలకి దొరికే ఓవెన్ థర్మామీటర్ ఒకటి లోపల తగిలించుకుంటే, ఇదే మిషన్‌తో బేకరీ బన్‌కి తీసిపోని బన్లు వస్తాయి. తెలుసుకోకపోతే ఎంత ఖరీదైనది కొన్నా పైన మాడి లోపల ముద్దగా ఉండే బన్లే గతి.

ఈ రివ్యూ ఏదో ఒక్క కంపెనీ మోడల్ గురించి కాదు. ఈ సైజులో నాబ్‌లు తిప్పే రకం ఓటీజీలు లోపల దాదాపు ఒకలాగే ఉంటాయి. పైన రెండు రాడ్లు, కింద రెండు రాడ్లు, టెంపరేచర్‌కి ఒక నాబ్, ఏ రాడ్లు వెలగాలో ఎంచుకోవడానికి ఒకటి, టైమర్‌కి ఒకటి. తలుపు పిడి, లోపలి లైటు, ఫ్యాను, కోడిని గుచ్చి తిప్పే ఊచ, ఇలాంటివాటి దగ్గరే తేడాలు.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. బన్ను మెత్తగా వచ్చేది ఓవెన్ వల్ల కాదు. ఓవెన్ పని చివరి పదిహేడు నిమిషాలే. అంతకుముందు రెండు గంటలు మన వంటింటి వేడిలో పిండి ఏమైందన్నదే అసలు విషయం. అందుకే ఇక్కడ మిషన్ గురించి ఎంత ఉందో పిండి గురించీ అంతే ఉంది.

సైజు, కరెంటు

16–20 లీటర్ల ఓటీజీలు చవకే, కానీ వాటిలో ఎత్తు తక్కువ. బన్ను ఓవెన్‌లోకి వెళ్లాక ఇంకాస్త పొంగుతుంది. అప్పటికి దాని నెత్తికీ పై రాడ్లకీ మధ్య నాలుగు వేళ్ల సందు కూడా మిగలదు. ఏడో నిమిషానికే పైభాగం గోధుమరంగులోకి తిరిగిపోతుంది, మధ్యలో ఇంకా పిండే ఉంటుంది. 30 లీటర్లలో ట్రేని కింద నుంచి రెండో గాడిలో పెడితే బన్లు సరిగ్గా నడిమధ్యకి వస్తాయి. ఒక వాయికి ఆరు బన్లు, మూడేసి చొప్పున రెండు వరుసలు పడతాయి. కాలాక ఒక్కోటి పది సెంటీమీటర్ల వరకు వెడల్పు అవుతుంది కాబట్టి కొనేముందు ట్రేని టేపుతో కొలవండి. లోపలి పొడవు కనీసం 33 సెంటీమీటర్లు, వెడల్పు 23 ఉంటే ఇబ్బంది లేదు. 45, 60 లీటర్లవి ఆర్డర్లు తీసుకునేవాళ్లకి బాగుంటాయి. ఆరు బన్ల కోసం అంత పెద్ద పెట్టెని వేడెక్కించడం కరెంటు దండగ.

ఈ సైజు మిషన్లు 1500–1600 వాట్లు. మన 230 వోల్టుల మీద అది ఆరున్నర నుంచి ఏడు ఆంపియర్లు లాగుతుంది. అంటే మామూలు చిన్న సాకెట్టు, 6 ఆంపియర్లది, దీనికి చాలదు. మిషన్‌తో వచ్చే పెద్ద పిన్నుల ప్లగ్గుకి కన్వర్టర్ తగిలించి చిన్న సాకెట్‌లో గుచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ పని చేయొద్దు. మొదట సాకెట్టు గోరువెచ్చగా అవుతుంది, తర్వాత ప్లాస్టిక్ కాలిన వాసన వస్తుంది. ఎక్స్‌టెన్షన్ బోర్డు కూడా వద్దు. పాత అపార్ట్‌మెంట్లలో వంటింటికి 16 ఆంపియర్ల పాయింటు ఒక్కటే ఉంటుంది, దానికి అప్పటికే ఏదో ఒకటి తగిలించి ఉంటుంది. ఓటీజీ ఇంటికొచ్చేలోపే ఎలక్ట్రీషియన్ని పిలిచి ఇంకో పాయింటు వేయించుకోవడం మంచిది.

కరెంటు బిల్లు గురించి భయం అక్కర్లేదు. పదిహేను నిమిషాలు వేడెక్కడానికి, పదిహేడు పద్దెనిమిది నిమిషాలు బన్లు కాలడానికి. రాడ్లన్నీ ఆగకుండా వెలిగినా 0.9 యూనిట్ దాటదు. థర్మోస్టాట్ మధ్యమధ్యలో ఆపుతూ ఉంటుంది కాబట్టి అసలు ఖర్చు అంతకంటే తక్కువే. వెంటవెంటనే రెండు వాయిలు వేస్తే రెండోదానికి వేడెక్కే ఖర్చు కూడా కలిసొస్తుంది.

నాబ్ చెప్పేది నమ్మొద్దు

వీటిలో ఉండేది లోహపు పట్టీతో పనిచేసే థర్మోస్టాట్. వేడికి పట్టీ వంగితే రాడ్లు ఆగుతాయి, చల్లారితే మళ్లీ వెలుగుతాయి. కాబట్టి లోపలి వేడి ఎప్పుడూ ఒక్కచోట నిలవదు, పైకీ కిందకీ ఊగుతూ ఉంటుంది. నాబ్ మీది అంకెకీ అసలు వేడికీ 20–30 డిగ్రీల తేడా ఈ రకంలో మామూలే. కొన్ని ఎక్కువ చూపిస్తాయి, కొన్ని తక్కువ.

తేడా ఎంతో కనిపెట్టడానికి ఒక అరగంట చాలు. థర్మామీటర్‌ని మధ్య జాలీకి తగిలించి నాబ్ 180 మీద పెట్టండి. ఎర్రలైటు మొదటిసారి ఆరగానే ఓవెన్ సిద్ధమైందనుకోవద్దు. అప్పటికి వేడెక్కింది రాడ్ల దగ్గరి గాలే. గోడలు, ట్రే, తలుపు గాజు ఇంకా చల్లగానే ఉంటాయి. మరో ఎనిమిది పది నిమిషాలు వదిలేయండి. తర్వాత లైటు ఆరిన ప్రతిసారీ, వెలిగిన ప్రతిసారీ ముల్లు ఎక్కడుందో రాసుకోండి. ఆరినప్పుడు 205, వెలిగినప్పుడు 175 చూపిస్తే మధ్య లెక్క 190. అంటే మీ మిషన్ పది డిగ్రీలు ఎక్కువ కాలుస్తోందన్నమాట. అసలు 180 కావాలంటే నాబ్ 170 మీద ఉండాలి. ఈ లెక్కని చిన్న కాగితం మీద రాసి ఎదురుగా గోడకి అంటించుకుంటే ఆ ఓవెన్ ఉన్నన్నాళ్లూ పనికొస్తుంది.

టైమర్ నాబ్‌కి కూడా ఒక పద్ధతి ఉంది. అది స్ప్రింగుతో నడిచేది. ఐదు, ఎనిమిది నిమిషాలు కావాలంటే నేరుగా అక్కడికి తిప్పితే ముందే ఆగిపోవచ్చు. ముందు 20 దాటించి, వెనక్కి తెచ్చి పెట్టాలి. లేదా ఆగకుండా నడిచే గుర్తు మీద వదిలేసి ఫోన్‌లో అలారం పెట్టుకోవాలి. రెండోదే నయం.

తలుపు ఊరికే తెరవొద్దు. తెరిచిన ప్రతిసారీ లోపలి వేడి గబగబా పడిపోతుంది. ఒక్కసారి మాత్రం తెరవక తప్పదు. వెనక మూలలు ముందు వైపుకంటే వేడిగా ఉంటాయి, అందుకని పదో నిమిషంలో ట్రేని ఇటుదటు తిప్పాలి. చేయి చురుగ్గా ఆడితే పది క్షణాల పని.

కొత్త మిషన్‌ని మొదటిసారి ఖాళీగా, పూర్తి వేడి మీద పదిహేను నిమిషాలు నడపండి. కిటికీలు తెరిచే ఉంచండి. రాడ్లకి పూసిన నూనె కాలి పొగ వస్తుంది, అది లోపం కాదు.

మన ఊళ్లో ఇంకో బెడద తుప్పు. లాసన్స్ బే కాలనీ, పెదవాల్తేరు, బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో కిటికీ ఊచలే ఎలా తుప్పుపడతాయో తెలుసు కదా. ఓటీజీ జాలీలు, ట్రే అంచులు కూడా అంతే. కడిగిన జాలీని గుడ్డతో తుడిచి అలాగే లోపల పెట్టేస్తే వానాకాలంలో నెల తిరిగేసరికి గోధుమరంగు చుక్కలు వస్తాయి. కడిగాక ఐదు నిమిషాలు ఓవెన్ వేసి పూర్తిగా ఆరనివ్వాలి. వాడని రోజుల్లో గుడ్డ కప్పి ఉంచినా, నెలకోసారి ఖాళీగా వేడి చేసినా తుప్పు బాగా తగ్గుతుంది. తుప్పు పట్టని స్టీలు జాలీలు ఇచ్చే మోడల్ దొరికితే మన ఊరికి అదే మేలు, నాలుగు వందలు ఎక్కువైనా సరే.

బన్ను మెత్తదనం ఎక్కడ నుంచి వస్తుందంటే

మైదా జావ. తూర్పు దేశాల బేకరీలవాళ్లది ఈ పద్ధతి. పిండిలో కొద్ది భాగాన్ని ముందుగా పాలలో ఉడికించి, చల్లార్చి, మిగతా పిండిలో కలపడమే. సుమారు 65 డిగ్రీల దగ్గర పిండిలోని గంజి పొంగి నీళ్లని తనలో పట్టుకుంటుంది. ఆ నీరు కాల్చాక కూడా చాలావరకు పోదు. అందుకే ఈ బన్ను రెండో రోజు కూడా పొడిబారదు. బేకరీల్లో వాడే బ్రెడ్ ఇంప్రూవర్ పని ఇంట్లో ఈ జావ చేస్తుంది.

ఆరు బన్లకి కొలతలు ఇవి. అన్నీ గ్రాముల్లోనే తూచండి, పాలతో సహా. కప్పుల లెక్కలో మైదా ఒకసారి 120 గ్రాములు వస్తుంది, గట్టిగా కుదిస్తే 150 వస్తుంది. బన్లు ఒకరోజు కుదిరి ఇంకోరోజు కుదరకపోవడానికి సగం కారణం ఇదే.

జావకి 20 గ్రాముల మైదా, 100 గ్రాముల పాలు. చల్లగా ఉన్నప్పుడే ఉండలు లేకుండా కలిపి, సన్నసెగ మీద కలుపుతూ ఉంటే రెండు మూడు నిమిషాల్లో చిక్కబడుతుంది. గరిటె గీసిన గీత అడుగున ఒక క్షణం నిలిస్తే చాలు, దించేయాలి. మీద పొర కట్టకుండా మూతపెట్టి పూర్తిగా చల్లారనివ్వాలి. వేసవిలో అయితే ఫ్రిజ్‌లో పెట్టడమే మంచిది.

పిండికి 230 గ్రాముల మైదా, 50 గ్రాముల పాలు, ఒక గుడ్డు (పెంకు తీసేసి 48–50 గ్రాములు), 25 గ్రాముల పంచదార, 4 గ్రాముల ఉప్పు, 3 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్, 30 గ్రాముల వెన్న. విశాఖ డెయిరీ వెన్న తీసిన పాలు కాకుండా వెన్నశాతం ఎక్కువున్న ప్యాకెట్ పాలు వాడితే రుచి తేడా తెలుస్తుంది. ఉప్పు వేసిన టేబుల్ బటర్ వాడితే ఉప్పు 3 గ్రాములకి తగ్గించండి. పంచదారలో 10 గ్రాములు తీసి అంతే గిరిజన తేనె వేస్తే బన్ను ఇంకాస్త తేమగా ఉంటుంది, రంగు మాత్రం త్వరగా తిరుగుతుంది. గుడ్డు తినని ఇళ్లలో దాని బదులు 38 గ్రాముల పాలు, ఇంకో 8 గ్రాముల వెన్న వేయొచ్చు. మెత్తదనం తగ్గదు, పొంగు కొంచెం తగ్గుతుంది.

మైదా ఎంచేటప్పుడు ప్యాకెట్ వెనక ప్రొటీన్ ఎంతుందో చూడండి. వంద గ్రాములకి 11 దగ్గర ఉన్నది తీసుకోండి. 9 ఉన్నదాంతో కేకులు బాగుంటాయి, బన్ను మాత్రం నిలబడక పక్కలకి పారుతుంది. విడి మైదా కొంటే అది ఎలాంటిదో తెలియదు, ఆ పూట గోధుమ గ్లూటెన్ (పిండికి సాగే గుణమిచ్చే ప్రొటీన్) పొడి ఒక చెంచా కలిపితే గట్టెక్కొచ్చు.

ఈస్ట్ దగ్గర బాగా జాగ్రత్తగా ఉండాలి. పెద్ద ప్యాకెట్ విప్పి చిన్న కవర్లలో పోసి అమ్మేది ఎన్నాళ్లు తేమలో ఉందో ఎవరికీ తెలియదు. అర కప్పు గోరువెచ్చని నీళ్లలో చెంచా పంచదార, చెంచా ఈస్ట్ వేసి పది నిమిషాలు చూడండి. మీద రెండు వేళ్ల మందాన నురగ రావాలి. పల్చటి బుడగలు మాత్రమే వస్తే ఆ ఈస్ట్ పారేయడమే. విప్పిన ప్యాకెట్‌ని గాలి చొరని డబ్బాలో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచితే నెలల తరబడి చెడదు. డబ్బాని బయట పెట్టి కబుర్లలో పడితే మన గాలిలోని చెమ్మ లోపల చేరుతుంది. తీసి, తూచి, వెంటనే లోపల పెట్టేయాలి.

కలపడం, పొంగించడం

విశాఖలో బన్లు చెడేది ఎక్కువగా ఇక్కడే. వంటల పుస్తకాలు గోరువెచ్చని పాలతో కలపమంటాయి. చలి దేశాల వంటిళ్లకి ఆ మాట సరే. ఏప్రిల్, మే నెలల్లో మన వంటింట్లో 33–34 డిగ్రీలు ఉన్నప్పుడు గోరువెచ్చని పాలు పోసి పావుగంట పిసికితే పిండి వేడి 32 దాటిపోతుంది. వెన్న కరిగి బయటికొస్తుంది, పిండి జిగటగా చేతికి అంటుకుంటుంది, ఈస్ట్ ఆత్రంగా పనిచేసి కల్లు వాసన తెస్తుంది. కలిపాక పిండి 26–27 డిగ్రీల దగ్గర ఉండాలి. అందుకని వేసవిలో పాలు, గుడ్డు, జావ మూడూ ఫ్రిజ్‌లోంచి నేరుగా తీసినవే వాడండి. మైదాని కూడా అరగంట ఫ్రిజ్‌లో పెట్టినా తప్పులేదు. డిసెంబరు, జనవరి నెలల్లో మాత్రం పాలు గోరువెచ్చగా ఉంటేనే మేలు.

వానాకాలంలో ఇంకో తేడా వస్తుంది. మైదా గాలిలోని చెమ్మని ముందే పీల్చుకుని ఉంటుంది. 50 గ్రాముల పాలలో 10 గ్రాములు పక్కన ఉంచి, పిండి అడిగితేనే పోయండి.

వెన్న తప్ప మిగతావన్నీ కలిపి, పొడి పిండి కనబడకుండా అయ్యాక, మూతపెట్టి ఇరవై నిమిషాలు వదిలేయండి. ఈ ఇరవై నిమిషాలు మీ చేతులకి పది నిమిషాల పిసుకుడు తగ్గిస్తాయి. తర్వాత ఎనిమిది నిమిషాలు పిసికి, మెత్తటి వెన్నని మూడు విడతలుగా కలపాలి. వెన్న వేయగానే పిండి విడిపోయి, జారిపోయి, అంతా పాడైపోయినట్టు కనిపిస్తుంది. కంగారుపడి పొడి పిండి చల్లొద్దు. బన్లు గట్టిపడడానికి అసలు కారణం ఆ గుప్పెడు మైదానే. ఇంకో ఐదు నిమిషాలు పిసికితే దానంతట అదే కలిసిపోయి గిన్నె అంచుల్ని వదిలేస్తుంది.

ఎప్పుడు ఆపాలో పిండే చెబుతుంది. నిమ్మకాయంత ముద్ద తీసి, వేళ్లకి వెన్న రాసుకుని, నాలుగు వైపులా నెమ్మదిగా లాగండి. మధ్యలో పొర పల్చబడి కిటికీ వెలుగు అందులోంచి కనిపించాలి, వెనకున్న వేలి నీడ మసగ్గా తెలియాలి. ఇంకా లాగితే చిల్లు పడుతుంది. ఆ చిల్లు అంచు నున్నగా ఉంటే పిండి సిద్ధం. చిరిగిన కాగితంలా పళ్లుపళ్లుగా ఉంటే ఇంకో మూడు నిమిషాలు పిసకాలి. ఈ పరీక్ష మానేసి చేసిన బన్లే కొరకగానే పొడిపొడిగా రాలి, బర్గర్ సగంలో ఉండగానే చేతిలో విడిపోతాయి.

మొదటి పొంగుకి గంట చూసి కాకుండా గిన్నె చూసి లెక్కపెట్టాలి. పిండి రెట్టింపు కావాలి. మే నెలలో 40–45 నిమిషాల్లోనే అవుతుంది, జనవరిలో గంటన్నర పడుతుంది. పుస్తకంలో గంట అని ఉందని వేసవిలోనూ గంట ఉంచితే పులిసిపోతుంది.

తర్వాత పిండిని మెల్లగా అదిమి 80 గ్రాముల ముద్దలుగా తూచి ఆరు చేయండి. ఒక్కో ముద్దని బిళ్లలా తట్టి, అంచుల్ని మధ్యకి తెచ్చి మూట కట్టినట్టు కట్టి, అతుకు కిందికి పెట్టి, పొడి పిండి చల్లకుండా గట్టు మీద అరచేతిని గిన్నెలా వంచి గుండ్రంగా తిప్పాలి. కింద కొంచెం అంటుకుంటేనే పైన చర్మం బిగుసుకుంటుంది. ఐదు నిమిషాలు ఆగి, అరచేత్తో ఎనిమిది తొమ్మిది సెంటీమీటర్ల వెడల్పు వచ్చేలా అదమండి. ఇలా అదమకపోతే బన్ను బంతిలా లేస్తుంది, అందులో కట్‌లెట్ నిలవదు.

రెండో పొంగు ట్రేలోనే. సీలింగ్ ఫ్యాన్ కింద మాత్రం పెట్టొద్దు. పది నిమిషాల్లో పైన ఎండి పొర కడుతుంది, ఓవెన్‌లో ఆ పొర పక్కన చిట్లుతుంది. ట్రే మీద పెద్ద ప్లాస్టిక్ డబ్బా బోర్లించండి, అంతే. ఓవెన్‌లో లైటు వేసి పొంగించే చిట్కా మన ఊళ్లో చలికాలం రెండు నెలలకి తప్ప అవసరం లేదు. వేసవిలో 30–35 నిమిషాలు చూసి వేలికి కొంచెం నూనె రాసి బన్ను పక్కన నొక్కండి. నొక్కిన గుంట వెంటనే పైకొచ్చేస్తే ఇంకా టైముంది. సగం వరకు నిదానంగా లేచి ఆగితే ఓవెన్‌లో పెట్టేయండి. అలాగే లోపలికి ఉండిపోతే ఆలస్యమైంది. ఆ బన్లు ఓవెన్‌లో ఇంక పొంగవు, బయటికి తీశాక ముడతలు పడి కుంగిపోతాయి. ఓవెన్ వేడెక్కడానికి పదిహేను నిమిషాలు పడుతుందని ముందే చెప్పుకున్నాం కాబట్టి, బన్లు డబ్బా కింద పెట్టిన పదిహేను నిమిషాలకే స్విచ్ వేసేయాలి.

కాల్చడం

పై రాడ్లు, కింద రాడ్లు రెండూ వెలగాలి. ఫ్యాను ఉంటే ఆపేయండి. ఫ్యాను గాలి బన్ను పొంగకముందే పైపొరని ఎండగడుతుంది. ఒక గుడ్డు పచ్చసొనలో చెంచా పాలు కలిపి పల్చగా పూసి, నువ్వులు చల్లాలి. అసలు 180 డిగ్రీలు, నాబ్ మీది 180 కాదు. 15 నుంచి 18 నిమిషాలు. పదో నిమిషంలో ట్రే తిప్పినప్పుడే రంగు చూడండి. అప్పటికే పైన బాగా ఎర్రబడితే అల్యూమినియం రేకు ఒకటి వదులుగా కప్పండి. గుచ్చే థర్మామీటర్ ఉంటే బన్ను మధ్యలో 90–93 డిగ్రీలు చూపించాలి.

మెత్తగా రావాలని వేడి తగ్గించి ఎక్కువసేపు కాల్చడం చాలామంది చేసే పొరపాటు. 150లో అరగంట ఉంచితే బన్నులోని నీరంతా ఆవిరైపోయి రస్కుకి దగ్గరవుతుంది. మెత్తటి బన్నుకి కావలసింది సరైన వేడి, తక్కువ టైము.

మిషన్‌తో వచ్చే నల్ల ట్రే వేడిని ఎక్కువ పీల్చుకుంటుంది, బన్ను అడుగు ముదురుతుంది. బటర్ పేపర్ వేసినా తేడా కొద్దిగానే. అల్యూమినియం ట్రే ఒకటి విడిగా కొనుక్కుంటే ఈ సమస్య ఉండదు.

బయటికి తీసిన వెంటనే పైన వెన్న రాసి, పల్చటి గుడ్డ పది నిమిషాలు కప్పండి. లోపలి ఆవిరి పైపొరని మెత్తబరుస్తుంది. తర్వాత గుడ్డ తీసేసి జాలీ మీద ఆరనివ్వాలి, లేకపోతే అడుగు తడిసిపోతుంది. గంట ఆగాకే కోయాలి. వేడి మీద కోస్తే లోపలి గుజ్జు కత్తికి అంటుకుని బన్ను అణిగిపోతుంది.

ఇంటి బన్ను మన వాతావరణంలో బయట రెండు రోజులే. వానల్లో మూడో రోజుకి బూజు పడుతుంది. బేకరీ, ప్యాకెట్ బన్లు ఎక్కువ రోజులుండేది వాటిలో కలిపే కాల్షియం ప్రొపియోనేట్ లాంటి నిల్వ పదార్థాల వల్ల, అవి అనుమతి ఉన్నవే. పిండి బిగువు కోసం ఒకప్పుడు వాడిన పొటాషియం బ్రోమేట్‌ని మాత్రం మన దేశంలో 2016లో నిషేధించారు. ఇంటి బన్లని ఫ్రిజ్‌లో పెట్టొద్దు. ఆ చలిలోనే గంజి త్వరగా గట్టిపడుతుంది, బయట ఉంచినదానికంటే ముందే ఎండిపోతుంది. మిగిలినవాటిని చల్లారగానే కవర్లో చుట్టి ఫ్రీజర్‌లో పెడితే నెల వరకు బాగుంటాయి.

మిగతా రకాలు ఎలా వస్తాయి

పావ్ అద్భుతంగా వస్తుంది. ఇదే పిండిని 55 గ్రాముల చొప్పున తొమ్మిది ఉండలు చేసి, ఎనిమిది అంగుళాల చదరపు టిన్నులో ఒకదానికొకటి తగిలేలా పెట్టి, 20–22 నిమిషాలు కాల్చాలి. ఒకదానికొకటి ఆనుకుని ఉండడం వల్ల పక్కలు కాలకుండా దూదిలా విడివడతాయి.

కొబ్బరి బన్ను, దిల్‌పసంద్ కూడా ఇదే పిండితో అవుతాయి. వంద గ్రాముల పచ్చికొబ్బరి కోరు, 60 గ్రాముల పంచదార, గుప్పెడు టూటీ ఫ్రూటీ, యాలకుల పొడి. కొబ్బరిని పచ్చిగా పెట్టొద్దు. మూకుట్లో మూడు నాలుగు నిమిషాలు తడి పోయేదాకా వేయించి చల్లార్చాకే లోపల పెట్టాలి. లేకపోతే దాని నీరంతా అడుగుకి దిగి, కింద పిండి ఉడకకుండా తెల్లటి చార మిగులుతుంది.

చోడి (రాగి) పిండి కలిపి చేద్దామనుకుంటే మొత్తం మైదాలో 35–40 గ్రాములు దాటించకండి. చోళ్లలో గ్లూటెన్ ఉండదు, అంతకుమించి వేస్తే బన్ను ఇటుకలా కూర్చుంటుంది. ఆ కొలతకి పాలు ఇంకో పది గ్రాములు ఎక్కువ పడతాయి. రుచి మాత్రం చాలా బాగుంటుంది, మాంసం కట్‌లెట్‌తో మరీను.

రస్కులకి ఈ ఓవెన్ చక్కగా పనికొస్తుంది. మిగిలిపోయిన బన్లని వేలి మందాన కోసి, 150లో పది నిమిషాలు, తర్వాత 110–120లో నలభై యాభై నిమిషాలు, మధ్యలో ఒకసారి తిరగేసి. ఓవెన్ ఆపి తలుపు కొంచెం తెరిచి అందులోనే చల్లారనిస్తే కరకరలాడతాయి. తీసిన వెంటనే డబ్బాలోకి వెళ్లాలి, మన గాలికి అరగంటలో మెత్తబడిపోతాయి.

ఏడంగుళాల కేకు 160–165లో నలభై నిమిషాల్లో సమంగా లేస్తుంది. బిస్కెట్ల అడుగు త్వరగా మాడుతుంది, ట్రే కింద ఇంకో ట్రే పెట్టాలి. పిజ్జా ఫర్వాలేదు, అంతే. ఎగ్ పఫ్‌లకి మాత్రం ఈ ఊరి ఎండ పగ. ఓవెన్ 210 ఇస్తుంది, ఆ లోటు లేదు, కానీ పొరల మధ్య వెన్న మడత వేసేలోపే కరిగిపోతుంది. ఏసీ గదిలో, ప్రతి మడతకీ ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టుకునే ఓపిక ఉంటేనే దిగండి.

ఇప్పటికే కన్వెక్షన్ మైక్రోవేవ్ ఉన్నవాళ్లు దాంతోనే కేకులు చేసుకోవచ్చు. బన్లకి మాత్రం కింది నుంచి వేడి చాలక అడుగు తెల్లగా మిగులుతుంది. ఎయిర్ ఫ్రయర్‌లో రెండు మూడు బన్లకి మించి పట్టవు, గాలి జోరుకి పైపొర ముందే బిగుసుకుంటుంది.

దుకాణంలో చూడాల్సినవి

ద్వారకానగర్‌లోనో గాజువాకలోనో దుకాణంలో కొంటే బిల్లు వేయించుకునేముందు అక్కడే ప్లగ్గు పెట్టించి చూడండి. నాబ్ పూర్తి వేడి మీద, రెండు వైపుల రాడ్లూ ఎంచి, నాలుగైదు నిమిషాలు ఆగాలి. నాలుగు రాడ్లూ ఆ చివర నుంచి ఈ చివరిదాకా ఒకేలా ఎర్రబడాలి. ఒకదాంట్లో మధ్యలో నల్లటి ముక్క కనిపిస్తే ఆ పెట్టె వద్దని ఇంకోటి విప్పించండి. తలుపుని సగంలో వదిలి చూడండి, స్ప్రింగులు బిగువుగా ఉంటే ఠపీమని కింద పడదు. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే ఇవే పరీక్షలు పెట్టె ఇంటికొచ్చిన రోజే చేయాలి, వాపసు గడువు దాటాక కాదు. ఇంట్లో పెట్టేచోట వెనకా పక్కలా గోడకి కనీసం పది సెంటీమీటర్ల ఎడం ఉండాలి. పైన ఏదీ పెట్టకూడదు, చేతిగుడ్డ కూడా. రాడ్లు, థర్మోస్టాట్ విడిగా దొరుకుతాయా, వాటిని మార్చే సర్వీస్ సెంటర్ విశాఖలోనే ఉందా అని అడిగి, ఆ చిరునామా బిల్లు వెనక రాయించుకోండి.